లాడ్జి దుప్పట్లు

సారపాక ఆడపిల్లల హాస్టల్లో రెండు వందల మందికి పొద్దున టిఫిను, ఆపైన అన్నం, కూర దించేసి జంపక్క ఇల్లు చేరేసరికి పదకొండు దాటుతుంది. మళ్లీ మూడున్నరకు రాత్రి వంటకు వెళ్లాలి. మధ్యలో ఆ కాసేపే ఆమెది. ఒకప్పుడు ఆ టైములో చాప మీద నడుం వాల్చేది. భర్త భీమయ్య జామాయిల్ దుంగలు లారీకి ఎక్కిస్తుండగా ఒకటి జారి మోకాలి మీద పడింది. బరువులు ఎత్తొద్దన్నారు దవాఖానాలో. కూతురు కొత్తగూడెంలో డిగ్రీ రెండో సంవత్సరం. ఒక్క జీతం ఎటూ సరిపోదని తెలిశాక నడుం వాల్చడం కూడా మానుకుంది.

బట్టలుతికే ఆలోచన తనంతట తనకు వచ్చింది కాదు. హాస్టల్ వార్డెన్ వనజ మేడం బదిలీ మీద వైరా వెళ్తూ, పాత వాషింగ్ మిషన్ మోసుకుపోవడం దండగని చవగ్గా జంపక్కకు ఇచ్చేసింది. రెండు తొట్లది. ఒకదాంట్లో ఉతకాలి, తీసి రెండోదాంట్లో వేసి పిండాలి. చుట్టుపక్కల రూములు కిరాయికి తీసుకుని ఉంటున్న ఉద్యోగాల కుర్రాళ్లు చాలామంది ఉన్నారని, వాళ్ల బట్టలు ఉతికిపెట్టినా నాలుగు డబ్బులు వస్తాయని కూడా మేడమే చెప్పింది.

భీమయ్యకు ఇది నచ్చలేదు. వాళ్లది చర్ల అవతల అడవిలో ఊరు. ఇంట్లో ఇద్దరూ కోయ భాషలోనే మాట్లాడుకుంటారు. మన ఊళ్లో ఎవరి బట్టలు వాళ్లు వాగులో ఉతుక్కున్నారే తప్ప ఒకరివి ఇంకొకరు ఉతికింది లేదని రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

"నువ్వు మోసిన దుంగలు మనయేనా మరి?" అంది జంపక్క చివరికి.

మూడో రోజు అతనే వెనక గోడకు మేకులు కొట్టి తీగలు కట్టాడు. ఇస్త్రీ నేను చేస్తానన్నాడు. కుడికాలు చాచి స్టూలు మీద కూర్చుని మొదటి వారంలోనే బ్యాంకులో పనిచేసే కుర్రాడి చొక్కా కాలర్ కాల్చాడు. జంపక్క అతని గది దాకా వెళ్లి తప్పయిందని చెప్పి, ఆ నెల అతని బట్టలు ఊరికే ఉతికిపెట్టింది. తర్వాత భీమయ్యకు చెయ్యి కుదిరింది. మడత కూడా బాగా వేసేవాడు.

పని మాత్రం ఆమె అనుకున్నట్టు లేదు. మిషన్ ఉతుకుతుంది నిజమే కానీ కాలర్లు, అంచులు చేత్తో రుద్దక తప్పదు. బోరు నీళ్లకు సబ్బు సరిగ్గా నురగ రాదు. పొద్దున గంటెలు తిప్పిన చెయ్యే మధ్యాహ్నం దుప్పటి అంచులు రుద్దాలి. వేళ్ల సందుల్లో చర్మం చిట్లి, హాస్టల్లో కారం కలిపేటప్పుడు భగ్గున మండేది. ఒకరోజు సాంబారు తిప్పుతూ తిప్పుతూ నిలబడే కునుకు తీసింది. పక్కనున్న వంటామె భుజం పట్టుకోకపోతే ఏమయ్యేదో.

వానలు మొదలవుతున్న రోజుల్లో ఒకాయన స్కూటర్ మీద వచ్చాడు. యాభై ఐదేళ్లుంటాయి. ముందు కాళ్ల దగ్గర పాత యూరియా సంచిలో మూట. పేరు వెంకటకృష్ణ. వాళ్ల నాన్న కాలంలోనే కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నారు. బూర్గంపాడు రోడ్డులో ఎరువుల కొట్టు ఉంది. జంపక్క ఆ కొట్టును చూసింది కానీ ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు.

తెలిసినవాళ్ల లాడ్జి ఒకటుందని, దుప్పట్లు రోజూ ఉంటాయని చెప్పాడు. మధ్యాహ్నం పూట తనే తెచ్చిస్తాడట, మర్నాడు తనే తీసుకెళ్తాడట. భద్రాచలం వచ్చే యాత్రికుల కోసం గోదావరి అవతల ఒడ్డున బోలెడు లాడ్జీలున్నాయి కాబట్టి అందులో వింతేమీ లేదు. వేరే బట్టలతో కలపవద్దని మాత్రం రెండుసార్లు చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె మొహం చూడలేదు.

ఆయన వెళ్లాక జంపక్క సంచి మూతి విప్పింది. విప్పీ విప్పగానే తెలిసిపోయింది.

హాస్టల్‌లో చేరకముందు ఆమె ఆరేళ్లు ఒక ప్రైవేటు దవాఖానాలో ఆయా. మంచం దిగలేని మనుషుల దుప్పట్ల వాసన వేరు. మూత్రం, పౌడరు, మందు నూనె, చెమట కలిసిన వాసన అది. దుప్పట్లు మూడు. మూడూ తెల్లవే, మూడూ ఒక్క మంచం కొలతవే. వాటి మడతల్లో ఒక నైటీ చిక్కుకుని వచ్చింది.

"ఇదేం లాడ్జి?" అన్నాడు భీమయ్య ముక్కు మూసుకుని.

"లాడ్జంటే లాడ్జే. ఆ సార్ ఎట్ల చెప్తే గట్ల" అంది జంపక్క.

ముందు చన్నీళ్లలో జాడించింది. ఆ తర్వాత బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి, వేణ్నీళ్లు కాచి, చివరికి మిషన్లో వేసింది. మర్నాడు ఆయన వచ్చినప్పుడు దుప్పట్ల మధ్యలో నైటీని మడిచి పెట్టి ఇచ్చింది. దాని సంగతి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ రోజు నుంచి నైటీలు కూడా రావడం మొదలైంది. ఆయన మాత్రం ఇవాళ లాడ్జిలో రష్ ఎక్కువని ఒకరోజు, తక్కువని ఇంకోరోజు ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. జంపక్క అవ్ సార్ అనేది.

అలా నెలన్నర గడిచింది. ఎన్నడూ చూడని ఆ ఆడమనిషి గురించి దుప్పట్లే ఆమెకు చాలా చెప్పాయి. ఎడమ చేత్తో తింటోంది, ఎందుకంటే పులుసు మరకలు ఎప్పుడూ నైటీకి ఎడమ పక్కనే. జ్వరం వచ్చిన రోజు తెలిసేది. కడుపు చెడిన రోజు తెలిసేది. నూనె రాసి తల దువ్విన రోజు కూడా తెలిసేది. ఇంటి పని చూసే మనిషి ఎవరూ లేరని, అంతా ఆయనే చేస్తున్నాడని కూడా కనిపెట్టింది. పౌడరు ఒక్కోసారి గుప్పెళ్లకొద్దీ పోసినట్టు ఉండేది. ఆడవాళ్లెవరూ అలా పొయ్యరు.

శ్రావణంలో ముసురు పట్టింది. తీగల మీద ఏదీ ఆరదు. భీమయ్య ఇంట్లోనే తాళ్లు కట్టి ఫ్యాన్ కింద ఆరేస్తే, తల వంచుకుని దుప్పట్ల మధ్య నుంచి పొయ్యి దగ్గరకు వెళ్లాల్సి వచ్చేది. అలాంటి ఒక మధ్యాహ్నం జంపక్క దుప్పటి మధ్యలో రూపాయి బిళ్లంత మరక చూసింది. అంచు పసుపు, నడుమ లేత ఎరుపు. మర్నాడూ అదే చోట ఉంది. మూడో రోజు రెండయ్యాయి.

ఆమె దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు కూర్చుంది. నడుం కింద పుండు పడింది. దవాఖానాలో అలాంటివి చూసింది. మొదట్లో చూసుకుంటే మానుతుంది, వదిలేస్తే ఎముక దాకా పోతుంది. చెబితే ఆయన అబద్ధం బయటపడుతుంది. ఆపైన మూట రావడం మానేస్తుంది. ఇంట్లో నెలకు అన్నిటికన్నా గట్టి రాబడి ఆ మూటే. పైగా ఆమెకు ఇంకొకరి బాధ నెత్తిన వేసుకునే ఓపిక లేదు. మిషన్ తిరిగినంతసేపూ అదే ఆలోచన.

మర్నాడు ఆయన స్కూటర్ ఆపగానే అంది:

"సార్, ఆమెకు నడుం కింద పుండ్లు పడ్డయి. మీకు కనవడకపోవచ్చు, దుప్పటి మీద కనవడుతుంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలె. నర్సును పిలిచి చూపియ్యండి, జల్దీ."

వెంకటకృష్ణ చేతిలో మూట అలాగే ఉండిపోయింది. మూట మళ్లీ స్కూటర్ మీద పెట్టుకుని వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు రాలేదు. నోరు మూసుకుని ఉంటే పోయేదానికి పని పోగొట్టుకున్నావని భీమయ్య అన్నాడు. ఆ నాలుగు మధ్యాహ్నాలూ జంపక్క చాప మీద పడి నిద్రపోయింది. నిద్రలో హాయి ఉంది, లేచాక బెంగ ఉంది.

ఐదో రోజు ఆయన ఉత్త చేతులతో వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"మా ఆవిడమ్మా. రాజ్యశ్రీ. పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది" అన్నాడు. "నర్సు వచ్చి కట్టు కట్టి వెళ్తోంది. పక్క మార్చడం నాకు చేతకావట్లేదు. ఒక్కసారి వచ్చి చూపిస్తావా?"

ఆ రోజు హాస్టల్‌కు గంట ఆలస్యంగా వస్తానని ఫోన్ చేసి జంపక్క స్కూటర్ వెనక కూర్చుంది. దారిలో ఆయన గాలిలోకి చెబుతున్నట్టు మిగతాది చెప్పాడు. లాడ్జి మాట అనమన్నది ఆవిడేనట. తన దుప్పట్లు ఇంకొకరు చూడటం ఆవిడకు చావుతో సమానం. జంపక్క దగ్గరకు రాకముందు మాసిన దుప్పట్లను పొలంలో గోతిలో వేసి కాల్చేవాడు, కొత్తవి కొనేవాడు. పనిమనిషిని పెడితే రెండో రోజే ఆవిడ తిండి మానేసింది.

గది శుభ్రంగా ఉంది. రాజ్యశ్రీ వెల్లకిలా పడుకుని కిటికీ వైపు చూస్తోంది. జంపక్కను చూడగానే కళ్లు మూసుకుంది. కుడి పక్కంతా చచ్చుబడి ఉంది. జంపక్క ఏమీ పలకరించలేదు. పలకరింపులు అలాంటి మనిషికి బరువని ఆమెకు తెలుసు. ఆయన్ని పక్కన నిలబెట్టి, ఆవిడ మోకాలు మడిచి, భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేసి మెల్లగా ఎడమ పక్కకు దొర్లించింది. పాత దుప్పటిని పొడుగ్గా చుట్టి వీపు దాకా నెట్టింది. కొత్తదాన్ని సగం పరిచి, మిగతా సగం చుట్టి దాని పక్కనే పెట్టింది. మళ్లీ రెండో పక్కకు తిప్పి, పాతది లాగేసి కొత్తది సాపుగా పరిచింది. మనిషిని ఎత్తనే లేదు. ఆయన చేత ఇంకోసారి చేయించింది. రెండోసారి బాగానే చేశాడు.

అప్పుడు రాజ్యశ్రీ ఏదో అంది. మాట ముద్దగా వచ్చింది. ఆయన వంగి విని తల పక్కకు తిప్పుకున్నాడు. జంపక్కకూ అర్థమైంది. ఉతికాక కూడా వాసన వస్తోందా అని అడుగుతోంది.

"రాదమ్మా. ఎండల ఆరినంక ఏ వాసనా ఉండదు. మా బట్టలు ఆరేసే తీగ మీదనే ఆరేస్త" అంది జంపక్క.

రాజ్యశ్రీ కళ్లు తెరిచి ఆమె చేతుల వైపు చాలాసేపు చూసింది.

బయటకు వచ్చాక, రోజూ ఒక పూట వచ్చి స్నానం చేయించి వెళ్లమని వెంకటకృష్ణ అడిగాడు. ఎంత కావాలంటే అంత ఇస్తానన్నాడు. జంపక్క వరండా మెట్టు మీద కూర్చుంది. నిలబడి జవాబు చెప్పే శక్తి కూడా లేదు.

"నాతోని కాదు సార్. మనుషుల్ని లేపీ లేపీ నడుం పోయింది, గందుకే ఆయా పని ఇడిసిపెట్టిన. బట్టలు పంపండి, ఉతుకుత. గంతే."

అంటుంటే ఏడుపొచ్చింది, ఎందుకో ఆమెకే తెలియదు. ఆయన బతిమాలలేదు. మంచినీళ్లు తెచ్చిచ్చి, హాస్టల్ గేటు దాకా దింపి వెళ్లాడు.

మూటలు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి యూరియా సంచిలో కాదు, మామూలు బుట్టలో. లాడ్జి మాట లేదు. మరకలు దసరా నాటికి చిన్నవయ్యాయి, ఆ తర్వాత పోయాయి. ఆవిడ లేచి నడిచిందేమీ లేదు, పుండ్లు మానాయి, అంతే. ఈలోగా సంగతి రూముల్లో కుర్రాళ్లకు తెలిసింది. అలాంటి బట్టలు వేసే మిషన్లో తమవి వేయించడం వాళ్లకు ఇష్టం లేకపోయింది. వేరే వేరేగా ఉతుకుతున్నానని జంపక్క చెప్పినా ఒక్కొక్కరే మానేశారు. వాళ్ల చోట ఇంకో మూడిళ్ల నుంచి బుట్టలు వచ్చాయి. ఒకటి వెంకటకృష్ణ చెప్పి పంపిందే. అది తుంటి విరిగిన పెద్దాయనది, మిగతా రెండిళ్లలో ఎవరో ఆమె అడగలేదు. దుప్పట్లు ఎలాగూ చెబుతాయి. రాబడి కాస్త పెరిగింది, అలసట అంతకన్నా పెరిగింది. నానబెట్టడం, మిషన్ తిప్పడం భీమయ్య నేర్చుకున్నాడు. ముక్కు మూసుకోవడం ఎప్పుడో మానేశాడు.

కార్తీకంలో ఒకరోజు వెంకటకృష్ణ బుట్టతో పాటు కొత్త దుప్పటి తెచ్చాడు. నీలం మీద పెద్ద పెద్ద పసుపు పూలు. కొత్తది ఒకసారి జాడించి ఇమ్మన్నాడు.

"తెల్లవి ఆస్పత్రిలా ఉన్నాయంటోంది. ఇకనుంచి ఇలాంటివే వెయ్యమంటోంది."

జంపక్క దుప్పటిని విప్పి చూసింది. మంచి గుడ్డ, మెత్తగా ఉంది.

"పూల మీద మరక కనవడదు సార్. మళ్ల పుండు పడితే నాకు తెల్వదు."

"అదే చెప్పాను. కనపడకూడదనేగా అంటోంది" అన్నాడాయన.

లోపల మిషన్ గడగడలాడుతోంది. జంపక్క దుప్పటిని భుజం మీద వేసుకుంది.

"ఒక రోజు పూలది, ఒక రోజు తెల్లది ఎయ్యమన్ననని చెప్పండి. తెల్లది నా కోసమని చెప్పండి."

ఆయన తల ఊపి స్కూటర్ స్టార్ట్ చేశాడు. మూడున్నర కావడానికి ఇంకా అరగంట ఉంది. జంపక్క ఆ పూల దుప్పటిని బకెట్లో వేసి, నీళ్లు పట్టమని భీమయ్యకు చెప్పి, గోడకు ఆనుకుని కూర్చుంది. అతను గొట్టం తెచ్చేసరికి ఆమె నిద్రపోయింది. నీళ్లు అతనే పట్టాడు.