తలుపు మూయని శంకరయ్య

శంకరయ్యకు లోకంలో అన్ని పనులూ వచ్చు, తలుపు మూయడం తప్ప. గద్వాలలో చీరల డిజైన్లు కంప్యూటర్లో గీసి, నెట్‌వర్కు మీద మగ్గాలపై బొమ్మ నేయించే జకార్డు పెట్టెలకు పంపడం ఆయన వృత్తి. షట్టరు దించడు, బీరువా మూయడు, పెరుగు గిన్నె మీద మూత పెట్టడు. ఓసారి మేక దూరి నెమలి అంచు గీసిన కాగితం నమిలేసింది.

"ఆకలైంది పాపం. నెమలిదేముంది, మళ్ల గీస్త" అన్నాడు.

ఎదురు దుకాణం నిరోషది. పనీ అదే. అద్దాల తలుపు, ఏసీ, 'తలుపు మూయండి' అని అతికించిన కాగితం. అయినా జనం మేక తిరిగే చోటికే పోతుంటే ఆమెకు కడుపు మండిపోయేది.

"ఏముందని పోతరు ఆడికి? సోఫా ఉందా, ఏసీ ఉందా?"

ఆ వారం ఇద్దరి కంప్యూటర్లలోనూ ఆపరేటింగ్ సిస్టం కొత్తదైంది. అంతే, నిరోష డిజైన్లు మగ్గాలకు చేరడం మానేశాయి. ఈదమ్మ నేస్తున్న పెళ్లిచీర ఇంకా జానెడు కొంగు మిగిలుండగా ఆగిపోయింది.

"ఎల్లుండే పెండ్లి, బిడ్డా! పిల్ల తల్లికి ఏం జెప్పాలె?" అంటూ ఆమె నిరోష దుకాణానికి వచ్చింది.

"జర ఆగు పెద్దమ్మా, చూస్తున్న గదా."

ఈదమ్మ ఆగలేదు. తిన్నగా శంకరయ్య దుకాణానికి నడిచింది. అద్దంలోంచి చూస్తున్న నిరోషకు ఏసీలోనూ చెమటలు పట్టాయి. 'అయిపాయె, ఈ మగ్గం గూడ ఆయనకే' అనుకుని పళ్లు కొరికింది.

అంతలోనే ఈదమ్మ తిరిగొచ్చింది. "ఆయనది గూడ బందైందట. నువ్వే బాగజేస్తవని పంపిండు."

ఆయనదీ చెడిందని వినగానే నిరోషకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం తీరకముందే శంకరయ్య వచ్చాడు.

"చెల్లె, జర జూడనియ్యి."

వద్దనబోయింది. ఈదమ్మ మొహం చూసి కుర్చీ జరిపింది.

"కొత్త సిస్టం నెట్‌వర్కుల కొత్త రకం అడ్రసులోళ్లనే రానిస్తుంది" అన్నాడాయన గొంతు తగ్గించి. "మన జకార్డు పెట్టెలయి పాత అడ్రసులు. ఇంతకుముందు పాతోళ్లు, కొత్తోళ్లు ఇద్దరూ ఒక్క దర్వాజలకెళ్లే వస్తుండె. మనల్ని అడగకుండనే పాతోళ్లకు మూసిండ్రు."

'కొత్త అడ్రసులకే' అన్న సెట్టింగులో 1 తీసి 0 పెట్టి, ప్రోగ్రాం మళ్లీ నడిపించాడు. ఈదమ్మ తన ఇంటికి ఫోను చేసి మగ్గం ఆడించమంది. అవతల మగ్గం టకటకలాడింది. "నిరోషమ్మ బాగజేసింది!" అని ఫోన్లో అరుస్తూ ఆమె పరుగెత్తింది.

నిరోషకు అనుమానం వచ్చింది. "అన్నా, నీది గూడ బందైందన్నవట?"

"నాది పొద్దుగాలనే ఇట్లనే తెరిచిన, మంచిగ నడుస్తుంది."

"మరి వచ్చిన బేరం నాకెందుకు పంపినవ్?"

"దర్వాజ తెరిచిపెట్టేది వచ్చెటోళ్లకే గాదు చెల్లె, పొయ్యెటోళ్లకు గూడ."

అలా అని వెళ్లిపోయాడు, అద్దాల తలుపు బార్లా వదిలేసి. చల్లగాలి అంతా రోడ్డు పాలైంది. ఆ సందున మేక వచ్చి 'తలుపు మూయండి' కాగితాన్ని నమలసాగింది. నిరోష అదిలించబోయి, ఎందుకో ఆగి, ఏసీ ఆపేసి కూర్చుంది.