అంచు మీది ఎర్ర సిరా

బైండరు చేతిలో పడిన ఏ పుస్తకానికైనా మూడు వైపులా కోత తప్పదు. కుట్టు వేశాక కోత మిషన్ కింద పెట్టి పావు అంగుళం తీసేస్తే నలిగిన అంచులూ, వాటి మీది పిచ్చిరాతలూ చెత్తబుట్టలో పడతాయి. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే. ఆ సోమవారం కాలేజీ లైబ్రరీ పంపిన కట్టలోంచి ఆ పుస్తకం బయటపడేసరికి మాత్రం ఆయనకు చెయ్యి ఆడలేదు.

ఇరవై ఏళ్ల వయసులో ఆ పుస్తకం రాసిన రచయిత ఆయనకు తలకెక్కాడు. అతన్ని సగం మంది రుషి అన్నారు, సగం మంది దొంగ అన్నారు. నాన్న దొంగ అన్నాడు కాబట్టి ఈయనకు రుషి అయిపోయాడు. అంతకు మించి ఆలోచనేమీ లేదు, ఒట్టి పొగరు. తమ్ముడు పోయాక చాలా ఏళ్లు ఆ పేరు వింటేనే మండిపడేవాడు. ఈమధ్యే ఆ కోపం చల్లారింది. మౌనం గురించి అతను రాసింది ఇప్పటికీ నిజమే అనిపిస్తుంది. ఆకలిని జయించడం గురించి రాసింది మాత్రం మూడు పూటలా సుష్టుగా తిని రాశాడనిపిస్తుంది.

ఆకలి మీద రాసిన ఆ అధ్యాయం అంచునే ఎర్ర సిరాతో ఒక మాట ఉంది: 'నేను చేసి చూశాను. పదకొండో రోజు దాటితే భయం పోతుంది.'

ఆ రాత ఆయనదే. పచ్చి అబద్ధం. నాలుగో రోజే దొంగచాటుగా తినేశాడు. అది నమ్మి పదకొండు రోజులూ దాటింది తమ్ముడు. అతను పోయిన వారానికే పుస్తకాన్ని లైబ్రరీలో పడేసి వచ్చాడు. తమ్ముడు జ్వరంతో పోయాడని ఇంట్లో అందరికీ చెప్పాడు.

కోసేస్తే పీడా పోతుందనుకుని పుస్తకాన్ని మిషన్ కింద పెట్టబోయాడు. అప్పుడు కనిపించింది, ఎర్ర సిరా కింద పెన్సిల్ రాత. 'మొదటి రోజు.' 'అయిదో రోజు, కళ్లు తిరిగాయి.' 'తొమ్మిదో రోజు, ఆకలి పోయింది.' ఆ గుండ్రటి అక్షరాలు కూతురి చేత ఆయన దగ్గరుండి దిద్దించినవే. లైబ్రరీవాళ్లు కట్ట కట్టింది శుక్రవారం. తొమ్మిదో రోజు ఆ శుక్రవారమే అనుకున్నా ఇవాళ్టికి ఎన్నో రోజో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. పన్నెండు. పుస్తకం తీసుకుని ఇంట్లోకి పరుగెత్తాడు.

కొట్టు వెనకే ఇల్లు. భార్య పుట్టింటికి వెళ్లి రెండు వారాలైంది. కాలేజీ క్యాంటీన్‌లో తిన్నానని కూతురు రోజూ చెబుతూనే ఉంది, ఈయన తల ఊపుతూనే ఉన్నాడు. ఎంత బుద్ధిలేని తండ్రో.

అమ్మాయి కిటికీ పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. పుస్తకం చూసి నవ్వింది.

"ఈ రచయితని నమ్మి కాదు నాన్నా. అంచు మీద రాసినవాళ్లెవరో చేసి చూశారు. అందుకే మొదలుపెట్టా."

"అది రాసింది నేను," అన్నాడు. "నేను చెయ్యలేదమ్మా. చేసింది మీ బాబాయి."

"బాబాయిది జ్వరం కదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. పలచగా కాచిన గంజి గ్లాసులో పోసి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. చాలాసేపు ఆమె ఆ ఎర్ర అక్షరాలనే చూసింది. చివరికి గ్లాసు కోసం చెయ్యి చాచింది. ఎత్తలేకపోయింది.