కట్ చెప్పని ఇంకొంచెంగారు

ఆ దర్శకుడికి సినిమా తీయడంలో అన్నీ వచ్చు, ఒక్క "కట్" చెప్పడం తప్ప. సీను అయిపోయేది, నటులు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు, కెమెరా మాత్రం తిరుగుతూనే ఉండేది. కెమెరామన్ దీనంగా వెనక్కి తిరిగి చూస్తే, "ఇంకొంచెం చూద్దాం" అనేవారాయన. రీలు అయిపోయి కెమెరా దానంతటదే ఆగాల్సిందే. ఆయన అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయి, ఇంకొంచెంగారు అని పిలుచుకునేవారు.

దీనివల్ల అందరికంటే ఎక్కువ అవస్థ పడింది ఎడిటరమ్మ. తీసిందంతా చివరికి వచ్చి పడేది ఆవిడ బల్ల మీదే. ప్రేమికులు విడిపోయాక హీరో వీపు గోక్కోవడం, యుద్ధంలో నేలకొరిగిన సేనాపతి లేచి టీ అడగడం, అన్నీ చూడాలి.

"సార్, శవం టీ తాగేదాకా తీశారేంటండీ?" అని ఆవిడ నెత్తి కొట్టుకుంటే, "ఎంత సహజంగా తాగాడో చూశావా అమ్మాయ్!" అని ఆయన మురిసిపోయేవారు.

ఇంట్లోనూ ఇదే తంతు. మధ్యాహ్నం భోజనానికి పిలిచినవాళ్లకి ఆయన గుమ్మంలో నిలబడి వీడ్కోలు చెప్పడం మొదలుపెట్టగానే, ఆయన భార్య లోపల్నుంచి కేకేసేది. "చెప్పులు విప్పేయండమ్మా, రాత్రికి కూడా వండేస్తాను!"

అలాంటి మనిషి ఒక లావుపాటి రాజకీయ నవలని సినిమాగా తీస్తానన్నారు. నవలంతా రెండు కుర్చీల మధ్యే. దేశాన్నేలే పెద్దమనిషి, తనకి వ్యతిరేకంగా రాసిన ముసలాయన్ని జైల్లో పెట్టి, రోజూ సాయంత్రం అక్కడికే వచ్చి వాదిస్తుంటాడు. రాజ్యం భయపెట్టేవాడిదా, భయపడనివాడిదా అని. ఆఖర్న "నిన్ను వదిలేస్తే ఏం చేస్తావు?" అని అడుగుతాడు. ఖైదీ జవాబు ఒక్క ముక్క. ఆ ముక్క నోటికొచ్చేలోపు అతని మనసులో నడిచే ఆలోచన మాత్రం పుస్తకంలో ఒక అధ్యాయం.

"ఆ అధ్యాయం ఎలా తీస్తారు సార్? వెనకనుంచి ఎవరి చేతైనా చదివిద్దామా?" అన్నాడు మాటల రచయిత.

"ఆలోచించుకునేవాడి చెవిలో వాగుతారా ఎవరైనా? వద్దు."

"మరి?"

"చూద్దాం. ఇంకొంచెం చూద్దాం."

ఖైదీ వేషానికి ఒక పాత నటుణ్ణి తెచ్చారు. అందరూ బాబాయ్ అనేవారు. ఒకప్పుడు ఎంత పొడుగు డైలాగైనా గుక్క తిప్పుకోకుండా చెప్పిన మనిషిని చాన్నాళ్లుగా ఎవరూ పిలవడం లేదు. ఎందుకు పిలవడం లేదో ఎడిటరమ్మకి రీళ్లు చూస్తుంటే అర్థమైంది. బాబాయ్‌కి మాటలు గుర్తుండటం లేదు. మధ్యలో ఆగిపోయేవాడు. కెమెరా మాత్రం ఆగేది కాదు. కాసేపటికి మాట దొరికేది, చెప్పేవాడు. సెట్లో ఎవరికీ వింతగా అనిపించలేదు. కట్ చెప్పడం రాని దర్శకుడి దగ్గర మౌనాలకేం కొదవ?

కానీ ఎవరో నిర్మాత చెవిలో ఊదారు. ఆయన ఎడిటింగ్ గదిలోకి విసురుగా వచ్చాడు, వెనకాలే ఇంకొంచెంగారు.

"ముసలాయనకి మాటలు రావట్లేదటగా? అమ్మా, జైలు సీను వెయ్యి. నిజమైతే రేపే ఇంకొకర్ని పెట్టి మళ్లీ తీద్దాం."

మిషను మీదికి రీలు ఎక్కిస్తుంటే ఎడిటరమ్మకి గుర్తొచ్చింది. ఆ షాటు తోక ఇంకా కత్తిరించలేదు. జవాబు చెప్పగానే బాబాయ్ కెమెరా వైపు తిరిగి, "నాయనా, నేను చెప్పాల్సింది అదేనా? మొత్తం మర్చిపోయాను" అంటాడు. తనంతట తాను మిషను ఆపితే నిర్మాతకి అనుమానం రాక మానదు.

బొమ్మ మొదలైంది. ఏలేవాడు అడిగాడు. ఖైదీ పలకలేదు. ఆ మొహంలో భయం కనిపించింది, తర్వాత సిగ్గు, తర్వాత ఏదో పాత కోపం, అన్నీ సర్దుకున్నాక చిన్న నవ్వు. పుస్తకంలోని అధ్యాయమంతా అక్కడే ఉంది. నిర్మాత కుర్చీ అంచుకి జరిగాడు.

"నువ్విక్కడే ఉంటావుగా. చూడ్డానికి వస్తుంటాను" అన్నాడు ఖైదీ. అని మెల్లగా కెమెరా వైపు తల తిప్పబోయాడు.

"కట్!"

గది అదిరిపోయింది. ఎడిటరమ్మ చెయ్యి తనకి తెలియకుండానే మిషను ఆపేసింది. చూస్తే ఇంకొంచెంగారు, తన గొంతుకి తనే హడలిపోయి నిలబడి ఉన్నారు.

"మీరా? మీరు కట్ చెప్పారా?" అన్నాడు నిర్మాత, వచ్చిన పని మర్చిపోయి. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మాటలు రావన్న వెధవ ఎవడండీ? ఆయన్ని కదిలించకండి" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఎడిటరమ్మ తేరుకుని విరుచుకుపడింది. "అంటే చెప్పడం వచ్చన్నమాట! ఇన్నేళ్లూ నన్నెందుకు ఏడిపించారు సార్?"

"మొదటి సినిమాలో ఒక కొత్తమ్మాయి తడబడితే కట్ అన్నానమ్మా. అందరూ ఆ పిల్ల వైపే చూశారు. మళ్లీ నోరు విప్పలేకపోయింది పాపం. కట్ అంటే తప్పు వాళ్లదవుతుంది. అనకపోతే పిచ్చి నాదవుతుంది. నాకేం, అలవాటైపోయింది."

ఎడిటరమ్మ మళ్లీ మిషను వైపు తిరిగింది. ఆ షాటుని సరిగ్గా ఆయన అరిచిన చోటే కత్తిరించింది. ఇప్పటికీ ఆ సినిమా ఎక్కడ వేసినా జనం ఆ మౌనం గురించే మాట్లాడుకుంటారు. ఆవిడకి మాత్రం దాని చివర ఒక కేక వినిపిస్తుంది, నవ్వొస్తుంది. ఆయన్ని తిట్టుకున్న ఆ రోజులన్నీ ఇప్పుడు తీపిగానే ఉన్నాయి.

ఆయన కట్ చెప్పిన ఆ రోజు సాయంత్రం ఆవిడ బల్ల సర్దేసి, "ఇంటికెళ్దామా సార్?" అంది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఇంకొంచెం చూద్దాం."

ఆవిడ విసుక్కోలేదు. రీలు మళ్లీ మొదట్నుంచి వేసి, తనూ ఒక కుర్చీ లాక్కుంది.