అత్త ఎత్తు చెప్పు

మొన్న ఆదివారం పొద్దున పాలపాకెట్ తీసుకుందామని తలుపు తీస్తే, మదనపల్లెలో మా ఇంటి గడప బయట ఒక జత చెప్పులు కనిపించి నా గుండె ఝల్లుమంది. బెంగళూరు నుంచి వచ్చిన మా అమ్మాయివి. తెల్లటి పట్టీలు, కింద మూడు వేళ్ళ మందాన అట్ట. ఇప్పుడదే ఫ్యాషనట, ఆడపిల్లలందరూ ఇటుకల మీదెక్కి నడుస్తున్నారు. చెప్పుల్ని చూసి భయపడేవాళ్ళు ఉంటారా అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. అంత మందం అట్ట ఉన్న చెప్పు గుమ్మం బయట దిక్కూ మొక్కూ లేకుండా కనిపిస్తే, ఎవరో ఎత్తుకుపోయి దాని మీద కత్తి పెడతారని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ జతను లోపలికి తెచ్చి బీరువా పక్కన పెట్టేదాకా మనసు కుదుటపడలేదు. "యాలమ్మా లోపలికి తెచ్చినావు, మట్టి ఉండాది దానికి" అని అమ్మాయి కసిరింది. దానికి మా అత్త చెప్పు సంగతి తెలియదు.

అత్త అంటే మా నాయన కడగొట్టు చెల్లెలు. నాకన్నా కొన్నేళ్ళే పెద్ద. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమ కాలు పొట్టిదైపోయింది. పుంగనూరులో ఇంటి ముందు గదిలోనే మగ్గం వర్క్ షాపు పెట్టుకుంది. ఆ చుట్టుపక్కల పెళ్ళికూతుళ్ళ జాకెట్ల వీపుల మీద నెమళ్ళు కనిపిస్తే సగం ఆమె చేతివే అనుకోవచ్చు. ఆమె ఎడమ చెప్పును వీధి చివర చెప్పుల దుకాణంలో ఉండే చాచా చేసిచ్చాడు. తోలు మీద తోలు అతికించి, ఆమెను నడిపించి చూసి, కాస్త గీకి, మళ్ళీ నడిపించి, ఇద్దరూ పోట్లాడుకుని, అలా వారాల తరబడి పట్టింది ఆ ఎత్తు కుదరడానికి. అది కాలికి ఉంటే అత్త అందరిలాగే నడిచేది. లేకపోతే గోడ పట్టుకోవాల్సిందే. నల్లటిది, బండది. దాని మీద కుచ్చిళ్ళు పడేలా చీర ఎప్పుడూ కాస్త పొడుగ్గానే కట్టుకునేది. చీర అంచుకు పట్టిన దుమ్ము గురించి మా అమ్మ సణిగితే, "నా చీర, నా దుమ్ము" అనేది.

నలభై దాటాక ఆమెకు పెళ్ళి కుదిరింది. కుప్పంలో గ్రానైట్ పాలిష్ చేసే యూనిట్ నడిపే మనిషి, మాట తక్కువ, నవ్వు ఎక్కువ. ఇద్దరికీ ఇష్టమైన సంబంధమే. చిక్కంతా ఆయన అక్కగారి దగ్గర వచ్చింది. పెళ్ళికి ముందురోజు సాయంత్రం జరిగే రిసెప్షన్ మాటలు అవుతుండగా ఆమె తియ్యగా, "అమ్మాయిని పూల కుర్చీలో కూర్చోబెట్టి స్టేజీ మీదికి ఎత్తుకోని పోతాం. ఇప్పుడు అందరూ అట్లే చేస్తాండారు" అంది. ఎందుకన్నదో గదిలో ఉన్న అందరికీ అర్థమైంది. అత్త చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టింది. "నేను నడిచే పోతా అక్కా. నడవలేకపోతే ఈ పెండ్లే నాకొద్దు" అంది. మా అత్త అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు. ఆ రోజు నుంచి మా నాయనకు నిద్ర లేదు.

చీర, జాకెట్ తనే తయారు చేసుకుంది. చెప్పుల దగ్గర మాత్రం ఆమెకో మొండి కోరిక. బెంగళూరులో ఎవరో డిజైనర్ చేసే బంగారు రంగు జరీ చెప్పుల బొమ్మ ఫోనులో చూసింది, కింద చదునుగా ఉండే రకం. అది చాచాకు చూపిస్తే ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి, "నచ్చిండేది తెచ్చుకోండమ్మా. మీ పాత చెప్పు కింద ఎత్తు ఊడదీసి దానికే కడతా. కొత్తగా చేయల్లంటే పెండ్లి లోపల కాదు" అన్నాడు. అంటే ఆ నల్ల చెప్పే మాకు ఆధారం. అది ఉంటే నడక ఉంది, నడక ఉంటే పెళ్ళి ఉంది.

రిసెప్షన్ ఆ వారం చివర అనగా ఇద్దరం బస్సెక్కి బెంగళూరు పోయాం. ఆ మాల్ గురించి చెప్పాలంటే ముందు చలి గురించి చెప్పాలి. ఎండాకాలంలో స్వెట్టర్ కోసం వెతుక్కునే చలి. ఒక్కో దుకాణం అద్దం వెనక ఒక్కటంటే ఒక్క హ్యాండ్‌బ్యాగు పెట్టి, దానికి నాలుగు వైపుల నుంచీ లైట్లు. మాకు కావలసిన దుకాణం పై అంతస్తులో ఉంది. అద్దం తలుపు, లోపల మీగడ రంగు తివాచీ.

ఆ తివాచీయే కొంప ముంచింది. మా ఊళ్ళలో బట్టల షాపుకు పోతే తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చోబెడతారు. చెప్పులు బయట విప్పాలని ఎవరూ చెప్పక్కర్లేదు, కాళ్ళే విప్పేస్తాయి. అత్త గోడ పట్టుకుని తన జత విప్పి తలుపు పక్కన నీటుగా సర్దింది. నేనూ విప్పాను. లోపల మిగతావాళ్ళు బూట్లతోనే తివాచీ తొక్కుతున్నారని నేను గమనించేసరికి మేము సోఫాలో కూర్చునే ఉన్నాం.

షాపమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని అత్త కాళ్ళకు జరీ చెప్పులు తొడిగింది. అత్త ముందు ఒకటి విప్పించి తిరగేసి, పని చూసి, "ముడి సరిగ్గా ఎయ్యలేదు ఈడ" అని తప్పు పట్టాకే శాంతించింది. తర్వాత నేల దగ్గర ఆనించిన అద్దంలో తన కాళ్ళు చూసుకుంది. కూర్చుని ఉన్నంతసేపు పొట్టి, పొడుగు తేడా లేదు. "సూడు మే, రెండూ ఒకటే మాదిరి ఉండాయి" అంది నెమ్మదిగా. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ ఏడుపు దాచుకోవడానికి తలుపు వైపు తిరిగాను.

బయట నా చెప్పులు ఉన్నాయి. అత్తవి లేవు.

నా మొహం చూసి అత్త కూడా అటు చూసింది. లేవబోయి, ఒరిగి, సోఫా చెయ్యి పట్టుకుంది. "నువ్వు పో. ఉరుకు" అంది. ఎదురుగా ఉన్న దుకాణం గార్డును నాకొచ్చిన కన్నడంలో అడిగితే, సెక్యూరిటీ వాళ్ళు తీసుకుపోయారన్నాడు. మనిషి లేకుండా పడున్న వస్తువు, ఒకదాని అట్ట అసాధారణంగా మందం, లోపల ఏముందో తెలియదు. నా చెప్పుల్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. వాటిలో అనుమానించదగ్గ సంగతేమీ కనిపించలేదు కాబోలు.

సెక్యూరిటీ గది కార్లు పెట్టే చోటికి పక్కనే ఉంది. తలుపు తోసి చూస్తే, బల్ల మీద మా అత్త ఎడమ చెప్పు, చుట్టూ నలుగురైదుగురు దూరదూరంగా నిలబడి ఉన్నారు. వాళ్ళ పెద్ద, మీసాలాయన, అట్టపెట్టెలు కోసే కత్తి పట్టుకున్నాడు. అందరిదీ హిందీ. నా హిందీ పరీక్ష పాసవడంతోనే ఆగిపోయింది. "మా అత్తది, ఆమె నడవలేదు" అని చెప్పడానికి మాట దొరక్క, కుంటి చూపించాను. ఆయన పాపం నాకే దెబ్బ తగిలిందనుకుని కుర్చీ జరిపి, మళ్ళీ తన పనికి తిరిగాడు. కత్తి తోలులో దిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

అత్తకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, "అత్తా, కోస్తాండారు" అని అరిచాను. పుంగనూరులో ఆమె పుట్టి పెరిగింది సాయిబుల ఇళ్ళ మధ్య. వాళ్ళ ఉర్దూ ఆమెకు తెలుగంత సులువు. ఫోనులోంచి ఆమె గొంతు ఆ గదంతా నిండింది.

"వో చప్పల్ నై భాయీ, మేరా పాంవ్ హై! కాటో నక్కో!"

అది చెప్పు కాదన్నా, నా కాలు, కొయ్యొద్దు అని. ఆయన చెయ్యి ఆగిపోయింది. ఫోను వంక, నా వంక, చెప్పు వంక చూశాడు. అప్పుడు తెలిసింది ఆయనకు నేనెందుకు కుంటి చూపించానో. కత్తి బయటికి లాగి, కుడి చెప్పు నా చేతికిచ్చి, ఎడమదాన్ని తన చొక్కా చేతితో తుడిచి, రెండు చేతులతో పట్టుకుని నా ముందు నడిచాడు. పై అంతస్తులో అద్దం తలుపు దగ్గర ఆగి తన బూట్లు విప్పేశాడు. తివాచీ కోసం కాదని నా నమ్మకం. సాక్సులతో లోపలికి పోయి చెప్పును అత్త కాళ్ళ దగ్గర పెట్టి, తల వంచుకుని నిలబడ్డాడు.

అత్త చెప్పు పక్కన పడిన గాటులో వేలు పెట్టి చూసింది. బాగా లోపలికే దిగింది. తొడుక్కుని రెండడుగులు వేస్తే కిర్రుమంది.

"నిలుస్తాదా?" అన్నాను.

"నిలవల్ల" అంది, నిలిచి తీరాలన్నట్టు. జరీ చెప్పులు ప్యాక్ చేయించింది.

పుంగనూరులో బస్సు దిగగానే చాచా దగ్గరికి పోయాం. చాచా ఆ గాటు చూసి, బెంగళూరును ఉర్దూలో తిట్టాడు. గమ్ము నింపి, బిగించి, ఎత్తును జరీ చెప్పుకు కట్టి, అత్త జాకెట్టులో మిగిలిన గుడ్డతో చుట్టూ మూసేశాడు. ఇచ్చేటప్పుడు మాత్రం, "మెల్లగా నడవండమ్మా. నేనైతే గట్టిగా చెప్పలేను" అన్నాడు.

కుప్పంలో రిసెప్షన్ సాయంత్రం స్టేజీ మెట్ల పక్కన పూల కుర్చీ సిద్ధంగా ఉంది. అక్కగారు దాన్ని ఎందుకైనా మంచిదని తెప్పించారట. అత్త దాని వంక ఒకసారి చూసి, కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుంది. జీవితంలో మొదటిసారి ఆమె చెప్పులు అందరికీ కనబడ్డాయి. బ్యాండు మోతలో కూడా నాకు ఆ కిర్రు చప్పుడే వినిపిస్తోంది. పై మెట్టు మీద అది గట్టిగా టప్పుమంది. అత్త ఆగిపోయింది. పైనున్న మామ గబగబా చెయ్యి చాపుతూ దిగబోయాడు. అత్త వద్దని తల ఊపి, బరువంతా ఆ కాలి మీద వేసి పైకెక్కింది. ఆ తర్వాత చెయ్యి అందుకుంది. పూల కుర్చీలో ఆ సాయంత్రమంతా పిల్లలు వంతులేసుకుని కూర్చున్నారు.

ఇదంతా మా అమ్మాయికి చెబుతుండగానే, ఆ ఆదివారం మధ్యాహ్నం అత్త, మామ కుప్పం నుంచి భోజనానికి వచ్చారు. బీరువా పక్కనున్న జతను అత్త ముందే చూసేసింది. "ఏం మే, రెండు కాళ్ళకూ ఎత్తేనా?" అని అమ్మాయిని అడిగి, ఎడమది ఒక్కటే తొడుక్కుని, కుడి కాలు వట్టి నేల మీద పెట్టి నిలబడింది. భుజాలు రెండూ సమంగా వచ్చాయి. "బాగుండాది అవ్వా, నీకే ఉంచుకో" అంది అమ్మాయి. అత్త పకపకా నవ్వి, "నాకు ఒకటి సాలు. రెండోది ఏం జేసుకునేది?" అంది. కాలం మారిందంటారు, నిజమే, అత్త ఇన్నేళ్ళూ చీర కింద దాచుకున్నదాన్ని ఇప్పుడు దుకాణాల్లో అద్దాల వెనక లైట్లు వేసి మరీ పెడుతున్నారు. కానీ ఇంకా జతగానే అమ్ముతున్నారు.