నాలుగో బ్యాటరీ

మా బావగారు మేడ మీద సోలార్ ప్యానెళ్లు, కింద ఇన్వర్టర్, రెండు బ్యాటరీలు పెట్టించి, ఇక కరెంటు కోతల బాధే లేదని ఊరంతా చాటారు. వేసవిలో ఏడాది కారం ఇంట్లోనే పట్టిద్దామని చిన్న మర కూడా తెచ్చారు. కరెంటు లేని మధ్యాహ్నం, ఏసీ నడుస్తుండగానే మర స్విచ్చి వేశారు. ఇన్వర్టర్ కీచుమని ఆగిపోయింది.

"బ్యాటరీ చాల్లేదురా," అని ఆ మేధావి మూడోది కొన్నారు. మళ్లీ ఆగింది.

"కళ్లం నిండా కాయలున్నా రోట్లో పట్టేది గుప్పెడేగా బావా! ఎన్ని బ్యాటరీలున్నా ఇన్వర్టర్ ఒక్కసారిగా ఇచ్చేది అంతే. ఏసీ ఆపండి," అన్నాను.

"మిరప రైతుకే కళ్లం సంగతి చెబుతావా?" అని నాలుగోది దింపారు.

మర్నాడు కరెంటు పోగానే అక్క చప్పుడు చేయకుండా ఏసీ ఆపి, మర వేసింది. కారం ఎర్రగా రాలింది.

బావగారు తుమ్ముతూనే మీసం దువ్వారు. "చూశావా, నాలుగో బ్యాటరీ దెబ్బ!"