ఎర్రరంగు నంబరు

ఆదివారం వస్తే తాండూరులో రైలెక్కి, వికారాబాద్ అడవిలో పెద్ద చెట్లను కొలవడానికి పోయేవాళ్లం. ఎనిమిది మందిమి. టోపీలకూ బూట్లకూ కొదవ లేదు కానీ, చెట్టును చూసి పేరు చెప్పగలిగినవాడు మాలో ఒక్కడూ లేడు, నాతో సహా.

ఒకసారి ముగ్గురం చేతులు చాచి పట్టుకున్నా అందనంత లావు చెట్టు దొరికింది. టేపుతో చుట్టుకొలత తీశాం. మళ్లీ వస్తే గుర్తుపట్టాలని మా బృందం పెద్ద దాని మాను మీద ఎర్రరంగుతో ఇంత లావున నంబరు వేశాడు. చెట్టుకు మేమే ప్రాణం పోసినట్టు పక్కన నిలబడి ఫొటోలు దిగాం.

నెల తర్వాత వెళ్తే దానికి చేతికందే కొమ్మ ఒక్కటీ మిగల్లేదు. కట్టెల మోపు కడుతున్న ఒకామె మీద మా పెద్ద విరుచుకుపడ్డాడు. ఆమె తలెత్తి చూసింది.

"మద్దిచెట్టుకు నంబరేసిన్రు గద సారూ. నంబరేసినంక చెట్టు ఉంటదా? రోడ్డు మీది చెట్లకు గిట్లనే ఏసిన్రు, అన్ని కొట్టేసిన్రు. మిషన్లు రాకముందే జర కట్టెలన్న తెచ్చుకుందమని."

మా పెద్ద టేపు తీసి మళ్లీ మాను చుట్టూ చుట్టాడు. చుట్టుకొలత అంగుళం కూడా తగ్గలేదని తేలాక హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.