పొరపాటున కోసిన కవరు

ఆస్పత్రి కొనుగోళ్ల ఆఫీసులో ఆవిడను అందరూ అక్కయ్య అంటారు, వయసులో పెద్దవాడైన సూపరింటెండెంటుతో సహా. ఇరవై ఆరేళ్లుగా తపాలా విప్పడం ఆమె పని. కవర్లను కట్టగా పేర్చి, అంచులు సమం చేసి, వరసగా కత్తితో కోస్తుంది. చదవడం తర్వాత. టెండరు కవర్ల మీద ఎర్ర సిరాతో నంబరు ఉంటుంది కనుక వాటిని కోయకుండా తాళమేసిన పెట్టెలో పడేస్తుంది. టెండరు తెరిచే రోజున మూడు గంటలకు, అందరి ఎదుటా విప్పాల్సినవి అవి.

ఆ రోజు పదకొండింటికి కోసిన ఒక కవరు మీద నంబరు లేదు. లోపలి ఉత్తరం సగం లాగాక 'రోగుల మంచాల టెండరు' అన్న మాట కంటపడింది. మిగతాది చూడకూడదని ఉత్తరాన్ని వెంటనే లోపలికి నెట్టేసింది.

ముందే విప్పారంటే ధర బయటికి పొక్కిందంటారు. టెండరు రద్దవుతుంది. కిందటిసారి ఒక్కరే వేశారని రద్దయింది. మంచాలు చాలక రెండో వార్డులో రోగులు ఇంకా నేల మీదే ఉన్నారు. ఇప్పుడు అందరూ వేలెత్తి చూపేది ఆమెనే.

ఆమె తెచ్చి చూపించిన కవరును సూపరింటెండెంటు అటూ ఇటూ తిప్పి, జిగురు పెట్టి అతికించి పెట్టెలో వేసేయమన్నాడు. నోరు విప్పితే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంటుందన్నాడు.

"అతుకు కనబడుతుంది సార్. అప్పుడేం చెప్తాం?"

ఎన్నింటికి, ఎందుకు కోసిందో ఆమె కవరు మీదే రాసి సంతకం పెట్టింది. ఆయన తన జేబులోనే ఉన్న పెన్ను కోసం బల్లంతా వెతికి, చివరికి తనూ సంతకం పెట్టాడు.

మూడింటికి నలుగురు సరఫరాదారులు కూర్చున్నారు. పెట్టె తీయకముందే ఆమె లేచి జరిగింది చెప్పింది. ఒక పొడుగాటి ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ధర చూసి మీవాళ్లకి చెప్పలేదని ఏంటండీ నమ్మకం?"

"నమ్మమని అడగట్లేదు బాబూ. అందుకే ముందు చెప్తున్నా."

నలుగురిలో ఆ కవరు పంపిన ముసలాయన కళ్లజోడు పెట్టుకుని, దాన్ని అందుకుని, ఉత్తరం వెనక నుంచి ఇంకో చిన్న కవరు తీశాడు. దాని మీద లక్క చెక్కుచెదరలేదు.

"ధర ఇందులో ఉందమ్మా. సీలు లేక తడి వేలితో నొక్కాను, ఆ గుర్తు అలాగే ఉంది. నంబరు రాయనిది నేను. తిట్టాలంటే నన్ను తిట్టండి."

చిన్న కవరు చేతులు మారింది. లక్కను ఒక్కొక్కరూ వెలుతురుకు పట్టి చూశారు.

"నంబరు మరిచినాయన మంచాలకి కాళ్లు మరిచిపోడు కదా?" అన్నాడు పొడుగాటి ఆయన. ముసలాయనే ముందు నవ్వాడు. అభ్యంతరం లేదని నలుగురూ సంతకాలు చేశారు. టెండరు నిలిచింది. తక్కువ ధర పొడుగాటి ఆయనదే అయింది. మంచాలు నెలలో వస్తాయి.

ఆ సాయంత్రం బస్సులో ఆమెకు కిటికీ పక్క సీటు దొరికింది. దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు పోయాక మెలకువ వచ్చింది. అంత గాఢంగా నిద్రపోయినందుకు తనలో తాను నవ్వుకుంటూ, తొందర లేకుండా వెనక్కి నడిచింది.